టీ మూడు వంతులు, నిమ్మరసం ఒక వంతు: తిరుపతి కేఫ్‌లో 'ఆర్నాల్డ్ పామర్'

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు పొడవునా కొన్నేళ్లుగా వెలుస్తున్న కేఫ్‌లలో ఒకటి ఈ సెప్టెంబరులో తన పానీయాల పట్టికలో 'ఆర్నాల్డ్ పామర్' అన్న పేరును చేర్చింది. చల్లబరిచిన టీలో తియ్యటి నిమ్మరసం కలిపి, ఐసు ముక్కల మీద పోసి ఇచ్చే పానీయం ఇది. ధర 140 రూపాయలు. గోల్ఫ్ ఆటను సంపన్నుల క్లబ్బుల నుంచి మధ్యతరగతి ఇళ్ల టీవీల ముందుకు తీసుకొచ్చిన అమెరికన్ ఆటగాడి పేరు అది. గుండె శస్త్రచికిత్స కోసం పిట్స్‌బర్గ్ ఆసుపత్రిలో చేరిన ఆయన, ఆ చికిత్స జరగకముందే 2016 సెప్టెంబరు 25న, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వర్ధంతి ఈ నెలలోనే కాబట్టి కేఫ్ యజమాని ప్రతి బల్ల మీదా ఆయన బొమ్మతో, నాలుగు చిన్న పేరాల పరిచయంతో ఒక అట్టను నిలబెట్టారు. ఈ సమీక్ష ఆ గ్లాసు గురించీ, ఆ అట్ట గురించీ. కేఫ్ పేరు కావాలనే ఇవ్వడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఇదే పానీయాన్ని అమ్మే ఏ ఊరి కేఫ్‌లోనైనా ఉండగలవి, వాటికి ఒక్క దుకాణాన్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

గ్లాసు చూడటానికి చాలా బాగుంటుంది. అడుగున లేత పసుపు నిమ్మరసం, దాని మీద ఎర్రటి టీ, రెండింటి మధ్య గీత గీసినట్టుగా హద్దు, పైన రెండు పుదీనా ఆకులు, అంచుకు గుచ్చిన నిమ్మ చక్రం. చక్కెర కలిసిన నిమ్మరసం బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది. చక్కెర వేయని టీని చెంచా వీపు మీదుగా మెల్లగా జారవిడిస్తే పైన తేలుతుంది. ఫొటో తీసుకోవడానికి ఇంతకన్నా అనువైన పానీయం ఆ పట్టికలో మరొకటి లేదు, చుట్టుపక్కల బల్లల దగ్గర జరుగుతున్న పని కూడా అదే. తాగబోయేసరికి మాత్రం ఈ అందమే అడ్డం పడుతుంది. గొట్టం అడుగుకంటా దిగి ఉండటం వల్ల మొదటి గుక్కలు వట్టి నిమ్మ షర్బత్తు, చివరి గుక్కలు వట్టి చేదు టీ. కలిపి తాగమని చెప్పేవారు లేరు, పొడవాటి చెంచా అడిగితే తప్ప ఇవ్వరు. టీలోని వగరు నిమ్మలోని పులుపును పట్టి ఉంచడంలోనే ఈ పానీయం రుచి ఉంది కాబట్టి, రెండింటినీ విడివిడిగా గొంతులోకి పంపే ఈ పద్ధతి దాని మూలాన్నే మరిచిపోయింది.

ఆ మూలం ఏమిటో అట్ట మీద ఒక్క వాక్యంలో తేల్చేశారు: పామర్ కనిపెట్టిన పానీయం అని. టీలో నిమ్మరసం కలుపుకోవడం ఆయనకు ముందు కూడా ఉన్నదే కాబట్టి దాన్ని కనిపెట్టడం అనలేము. పామర్‌కు అది ఇంటి అలవాటు. భార్య విన్నీ కాచి చల్లబరిచిన టీలో కాస్త లెమనేడ్ పోయించుకొని మధ్యాహ్న భోజనంతో పాటు తాగేవారు. 1960లలో ఒకనాడు కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో అలాగే కలిపి ఇమ్మని ఆయన అడుగుతుండగా, దగ్గరలో కూర్చున్న ఒక మహిళ విని, తనకూ ఆ పామర్ తాగే పానీయమే తెమ్మన్నారని ఆయనే తరువాతి కాలంలో చెప్పేవారు. అక్కడి నుంచి ఆ పేరు క్లబ్బుల్లో, హోటళ్లలో, చివరికి ఆయన బొమ్మతో అమ్మే డబ్బాల మీద స్థిరపడింది. తొలుత ఏ కంపెనీ పెట్టిన పేరూ కాదది, తాగాలనుకున్న మనిషి నోట వచ్చిన పేరు. ఒక క్రీడాకారుడి పేరుతో బంతులు, బూట్లు, చొక్కాలు వస్తాయి. ఆ ఆట గురించి ఏమీ తెలియని మనిషి కూడా దాహం వేసినప్పుడు అతని పేరు పలకడం చాలా అరుదు.

డబ్బాల్లో వచ్చేది సాధారణంగా సగం టీ, సగం లెమనేడ్. పామర్ సొంత ఇష్టం అది కాదు. టీదే పైచేయిగా ఉండాలని, మూడు వంతుల టీకి ఒక వంతు లెమనేడ్ చాలునని ఆయన చెప్పేవారు. ఈ కేఫ్ గ్లాసులో రంగుల హద్దును బట్టి చూస్తే నిమ్మరసం సగానికి పైనే ఉంది, ఐసు కరిగేకొద్దీ మిగిలిన టీ కూడా పలచబడిపోతుంది. పేరు ఆయనది పెట్టి, కొలత మాత్రం ఆయనకు నచ్చనిది పాటించడం నాకు మింగుడు పడలేదు. రెండోసారి ఆయన చెప్పిన కొలతలోనే కలపమని అడిగాను. వడ్డించే కుర్రవాడు మర్యాదగానే హెచ్చరించాడు: "అట్లయితే చేదొస్తాది సార్, మళ్లీ మమ్మల్ని అనకూడదు." అతని మాట నిజమే అయింది, కానీ దానికి కారణం కొలత కాదు, టీ.

ఇక్కడ కాచేది పాల టీకి వాడే సీటీసీ పొడి. చిన్న గుండ్రటి గుళికలుగా ఉండే ఈ పొడి పాలతో, చక్కెరతో మరిగితే చిక్కగా, ఎర్రగా దిగడానికి తయారైనది. పాలు దాని వగరును మెత్తబరుస్తాయి. పాలు లేకుండా మరిగించి ఫ్రిజ్‌లో పెడితే ఆ వగరంతా నాలుకకు నేరుగా తగులుతుంది. పైగా చల్లబడినప్పుడు టీలోని పాలీఫినాళ్లూ కెఫీనూ ఒకదానితో ఒకటి కలిసి సన్నని రేణువులుగా మారడం వల్ల డికాక్షన్ మసకబారుతుంది. ఎంత గాఢంగా కాస్తే అంత మసక. నిమ్మరసం పడగానే టీ రంగు తేలిపోతుంది కాబట్టి, రంగు నిలవాలని మాస్టరు ఇంకాస్త గాఢంగా కాస్తున్నట్టుంది, దాంతో చేదు పెరుగుతుంది, చేదును కప్పడానికి చక్కెర పెరుగుతుంది. దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. నీలగిరి ఆకు టీ చల్లబరిచినా తేటగా ఉంటుందని పేరు. నీలగిరి కొండలు మనకు దూరమూ కావు. ఆ ఆకును మరిగించకుండా వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు నానబెట్టి వడకట్టినా సరే, రాత్రి చల్లటి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో ఉంచి ఉదయం వడకట్టినా సరే, వగరు హద్దులో ఉంటుంది. 140 రూపాయల ధరలో ఆ ఆకు ఖర్చు సులువుగా ఇమిడిపోతుంది.

నిమ్మ విషయంలో మాత్రం ఈ కేఫ్‌ను మెచ్చుకోవాలి. సీసాల్లో దొరికే సిరప్ కాకుండా, గూడూరు వైపు నుంచి వచ్చే కాయలను ఎప్పటికప్పుడు కోసి పిండుతున్నారు, ఆ పని కౌంటరు దగ్గర కళ్లెదుటే జరుగుతుంది. పిండి నిలవ ఉంచిన రసం గంటల్లోనే చేదెక్కుతుంది కాబట్టి ఈ శ్రద్ధకు విలువ ఉంది. అమెరికాలో లెమనేడ్ చేసేది పెద్ద పసుపు కాయతో, దాని తొక్క మందం, వాసన మెత్తన. మన కాయ చిన్నది, తొక్క పలచన, పులుపూ వాసనా రెండూ ఘాటు. వాళ్ల కొలతలు చదివి మన కాయతో చేస్తే టీ నోరెత్తలేదు. తిరుపతిలో నిమ్మజాతి పంటల పరిశోధన స్థానమే ఉంది, బాలాజీ పేరుతో ఒక నిమ్మ రకమూ ఉంది. ఆ లెక్కన ఈ పానీయంలో తిరుపతి వంతు మొదటి నుంచీ ఘనమే. అందుకే రసం కాస్త తగ్గించి పిండినా లోటు తెలియదు. చిటికెడు ఉప్పు వేసే మన అలవాటును మాత్రం ఇక్కడ మానుకోవడమే మంచిది, ఉప్పు పడితే అది మళ్లీ మన నిమ్మకాయ నీళ్లే అవుతుంది.

ఇక అట్ట సంగతి. దాని మీద మొదటి వాక్యమే పామర్ 62 మేజర్ టైటిళ్లు గెలిచారని చెబుతోంది. వృత్తి ఆటగాళ్లు ఏడాది పొడవునా ఆడే పోటీల వరుస అయిన అమెరికా పీజీఏ టూర్‌లో ఆయన గెలిచిన మొత్తం టోర్నమెంట్లు 62. ఆ లెక్కలో ఆయన కన్నా ముందున్నవారు శామ్ స్నీడ్, టైగర్ వుడ్స్, జాక్ నిక్లాస్, బెన్ హోగన్ మాత్రమే. మేజర్లు అని పిలిచే అతి పెద్ద పోటీల్లో ఆయన గెలుపులు ఏడు: మాస్టర్స్ నాలుగుసార్లు, 1958, 1960, 1962, 1964లలో, యూఎస్ ఓపెన్ ఒకసారి, 1960లో, బ్రిటన్‌లో జరిగే ఓపెన్ ఛాంపియన్‌షిప్ రెండుసార్లు, 1961, 1962లలో. నాలుగో మేజర్ అయిన పీజీఏ ఛాంపియన్‌షిప్ ఆయనకు దక్కనే లేదు, మూడుసార్లు రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. అట్ట రెండో పేరా మాత్రం నాలుగు మేజర్లనూ గెలిచిన అరుదైన వీరుడని రాసింది. విచిత్రం ఏమిటంటే, ఈ నాలుగు పోటీలనూ ఒకే ఏడాది గెలవడమే ఆధునిక గ్రాండ్ స్లామ్ అన్న ఆలోచనను 1960లో ప్రచారంలోకి తెచ్చినవారిలో పామరే ముఖ్యుడు. ఆ ఏడాది మాస్టర్స్, యూఎస్ ఓపెన్ గెలిచి, మూడోదాని కోసం సెయింట్ ఆండ్రూస్‌కు వెళ్లి, కెల్ నేగల్ చేతిలో ఒకే ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తేడాతో ఓడిపోయారు. అప్పటికి చాలామంది అమెరికన్ ఆటగాళ్లు ప్రయాణ ఖర్చుకు కూడా చాలదని వదిలేసిన ఆ పోటీకి ఆయన మరుసటి రెండేళ్లూ వెళ్లి గెలవడంతో, ఓపెన్‌కు మళ్లీ అట్లాంటిక్ ఇవతలి, అవతలి ఆటగాళ్లు కలిసి ఆడే పెద్ద పోటీగా పేరు నిలబడింది.

అచ్చు తప్పులను పట్టుకోవడం కన్నా, అట్ట వదిలేసిన సంగతుల గురించి చెప్పడం ముఖ్యం. 1960 జూన్‌లో డెన్వర్ దగ్గరి చెర్రీ హిల్స్ మైదానంలో జరిగిన యూఎస్ ఓపెన్ గురించి అందులో ఒక్క మాట లేదు. అప్పట్లో ఆఖరి రెండు రౌండ్లూ ఒకే శనివారం ఆడేవారు. ఉదయం రౌండు ముగిసేసరికి పామర్ మొదటి స్థానంలో ఉన్న మైక్ సౌచక్ కన్నా ఏడు స్ట్రోక్‌లు వెనకబడి ఉన్నారు. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో ముగించినవాడే విజేత కాబట్టి, ఒకే ఒక్క రౌండులో ఏడు దెబ్బల అంతరాన్ని పూడ్చడం దాదాపు అసాధ్యం. విరామంలో ఆయన మధ్యాహ్నం రౌండును 65 దెబ్బల్లో ముగిస్తే ఏమవుతుందని అడిగితే, తన ఊరి పక్క పత్రికా విలేకరి బాబ్ డ్రమ్ అది ఎందుకూ పనికిరాదని కొట్టిపారేశారు. ఆ మాట పామర్‌ను గుచ్చింది. 346 గజాల మొదటి హోల్‌లో, మామూలుగా రెండో దెబ్బకు గానీ చేరని గ్రీన్ మీదికి, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీదికి, ఆయన తొలి దెబ్బకే బంతిని చేర్చారు. మొదటి ఏడు హోళ్లలో ఆరింటిలో బర్డీలు, అంటే నిర్ణీత దెబ్బల కన్నా ఒకటి తక్కువలో ముగింపు. రౌండు ముగిసేసరికి సరిగ్గా 65. గెలిచారు, రెండు స్ట్రోక్‌ల తేడాతో. రెండో స్థానంలో నిలిచిన ఔత్సాహిక ఆటగాడు, ఇరవై ఏళ్ల జాక్ నిక్లాస్. గోల్ఫ్ చూడని పాఠకులకు సంఖ్యలతో ఆ మధ్యాహ్నాన్ని వివరించడం కష్టమే. చివరి సెషన్‌లో ఏడు వికెట్లు చేతిలో పెట్టుకొని ఓటమి తప్పించుకోవడానికి ఆడాల్సిన చోట, గెలుపు కోసం ఆడిన టెస్టు జట్టు ఎలా కనిపిస్తుందో ఆ రోజు పామర్ అలా కనిపించారు.

అట్ట వదిలేసిన రెండో సంగతి ఓటమి. 1966 యూఎస్ ఓపెన్, శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్. ఆఖరి తొమ్మిది హోళ్లు మిగిలి ఉండగా బిల్లీ క్యాస్పర్ మీద పామర్‌కు ఏడు స్ట్రోక్‌ల ఆధిక్యం. పదిలంగా ఆడితే చాలు. పదిలంగా ఆడటం ఆయనకు చేతకాదు, రికార్డు కోసం దూకుడుగానే కొట్టుకుంటూ పోయారు. ఆ ఆధిక్యమంతా కరిగిపోయి ఇద్దరూ సమానమయ్యారు, మరునాడు జరిగిన ప్లేఆఫ్‌లో క్యాస్పర్ 69, పామర్ 73. ఆయన మరే యూఎస్ ఓపెన్‌నూ గెలవలేదు. నా దృష్టిలో ఈ రెండు మధ్యాహ్నాలనూ పక్కపక్కన పెట్టకుండా పామర్‌ను పరిచయం చేయడం కుదరదు. చెర్రీ హిల్స్‌లో గెలిపించిన గుణమే ఒలింపిక్ క్లబ్‌లో ఓడించింది. జనం ఆయనను అంటిపెట్టుకుని ఉండటానికి గెలుపులు సగం కారణమైతే, నష్టపోతున్నా తెగించే ఆ తీరు మిగతా సగం. ప్రశంసా వాక్యాలతో నింపిన అట్టలో ఆ మనిషి కనిపించడు.

ఆ జనానికి 'ఆర్నీ సైన్యం' అని పేరు. అగస్టా పక్కనే ఉన్న క్యాంప్ గోర్డన్ సైనికులు యూనిఫాంలోనే మాస్టర్స్ చూడటానికి వచ్చేవారు, వారిలో చాలామంది పామర్ వెంట నడిచేవారు, ఆ పేరు అలా పుట్టింది. నిజానికి ఆయనను ఆ జనం తమవాడిగా భావించడానికి లోతైన కారణం పెన్సిల్వేనియాలోని లాట్రోబ్ అనే చిన్న ఊళ్లో ఉంది. 1929 సెప్టెంబరు 10న పుట్టిన పామర్ అక్కడి కంట్రీ క్లబ్‌లో పచ్చిక మైదానాన్ని చూసుకునే ఉద్యోగి కొడుకు. అందరూ డీకన్ అని పిలిచే ఆ తండ్రి కొడుకుకు కర్ర పట్టుకోవడం, గట్టిగా కొట్టడం నేర్పారు. సిబ్బంది పిల్లవాడు కావడం వల్ల, సభ్యులు రాకముందో వెళ్లిన తరువాతో ఆడుకోవాల్సిందే. 1971లో పామర్ ఆ క్లబ్బునే కొనేశారు. ఈ ఒక్క సంగతి అట్ట మీద ఉంటే చాలు, ఆ బొమ్మలోని మనిషి ఎవరో మా ఊరి కాలేజీ కుర్రవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. దానికి బదులు ఆయన ప్యాంటును పైకి లాక్కునే అలవాటు గురించి రెండు వాక్యాలు కేటాయించారు. అలవాటు నిజమే, కానీ చోటు దండగ.

వ్యాపారం గురించిన పేరా ఉన్నంతలో మెరుగ్గా ఉంది. మార్క్ మెకార్మాక్ అనే న్యాయవాదితో రాతపూర్వక ఒప్పందం లేకుండా, చేతులు కలిపి మొదలుపెట్టిన సంబంధం నుంచి ఐఎంజీ అనే క్రీడా నిర్వహణ సంస్థ ఎదిగిన వైనాన్ని సరిగానే రాశారు. టూర్ బహుమతుల్లో పది లక్షల డాలర్ల మైలురాయిని మొదట దాటిన ఆటగాడు ఆయనే అన్నదీ సరైనదే, అది 1968లో. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల గొడుగు ఆయన వ్యాపార చిహ్నమని చెప్పి, ఆ గొడుగును మాత్రం నలుపు తెలుపుల్లో అచ్చువేయడం అట్ట చేసిన చిన్న హాస్యం. ఆయన విమానం నడిపేవారని, 1976లో ఒక లియర్‌జెట్‌లో సుమారు 57 గంటల 25 నిమిషాల్లో భూమిని చుట్టి రికార్డు నెలకొల్పారని, ఒర్లాండోలో పిల్లల ఆసుపత్రి ఒకటి 1989 నుంచి ఆయన పేరుతో నడుస్తోందని, 2004లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారని ఎక్కడా లేదు. మన దేశంతో ఉన్న లంకెనూ వదిలేశారు. గురుగ్రామ్‌లోని డీఎల్ఎఫ్ గోల్ఫ్ క్లబ్ తొలి మైదానం రూపకల్పన పామర్‌దే. సంతకం అడిగిన ప్రతివారికీ, అక్షరాలు చదవగలిగేలా నిదానంగా రాసి ఇచ్చే పట్టుదల ఆయనది, ఇప్పటి క్రీడాకారులు గెలికి పారేసే గీతలు చూసినప్పుడు అది చిన్న విషయంగా అనిపించదు.

మరణం గురించి అట్ట తేదీతో సరిపెట్టింది. ఆయన పోయిన అయిదు రోజులకే మిన్నెసోటాలోని హేజల్టైన్ మైదానంలో, అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్ మొదలైంది. 1975లో అమెరికా జట్టుకు కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఆయన వాడిన గోల్ఫ్ బ్యాగును మొదటి హోల్ ఆట మొదలయ్యే చోట నిలబెట్టి ఆ పోటీని ప్రారంభించారు, అమెరికా 17-11తో గెలిచింది. అక్టోబరు 4న లాట్రోబ్‌లోని సెయింట్ విన్సెంట్ కళాశాలలో జరిగిన సంస్మరణ సభలో, చెర్రీ హిల్స్ నాటి నుంచి జీవితమంతా ఆయనతో పోటీపడిన నిక్లాస్ మాట్లాడారు. 2017 ఏప్రిల్‌లో మాస్టర్స్ ఆరంభ కార్యక్రమంలో ఆయన కూర్చోవాల్సిన కుర్చీ మీద, ఆ పోటీ విజేతలకు ఇచ్చే ఆకుపచ్చ కోటు పరిచి, పక్కన నిక్లాస్, గ్యారీ ప్లేయర్ నిలబడ్డారు. ఇవేవీ రాయకపోయినా అట్టకు చోటు చాలలేదని సర్దుకోవచ్చు. కానీ సంస్మరణ పేరుతో ఒక పానీయాన్ని పట్టికలోకి తెచ్చిన దుకాణానికి, ఆయన ఇష్టపడిన కొలతలో దాన్ని కలపడం కన్నా తేలికైన, ఖర్చులేని సంస్మరణ మరొకటి లేదు. ఆ కొలతను అట్ట మీద రాసి, కౌంటరులో పాటిస్తే మిగతా తప్పులన్నీ క్షమించవచ్చు.

సేవల గురించి క్లుప్తంగా. సిబ్బంది మర్యాదస్తులు, అడిగిన మార్పులను విసుక్కోకుండా చేస్తారు. పానీయం బల్ల మీదికి రావడానికి పది నిమిషాలకు పైనే పడుతుంది, ఆ రంగుల హద్దు నిలబెట్టడానికే ఎక్కువ సమయం పోతున్నట్టుంది. బ్రహ్మోత్సవాల సందడిలో ఆ రోడ్డు మీద బండి నిలపడానికి చోటు దొరకడం దైవాధీనం. పాటల శబ్దం తగ్గించమంటే తగ్గిస్తారు, పావుగంటలో మళ్లీ పెరుగుతుంది. అట్ట తప్పులను యజమాని దృష్టికి తెస్తే నొచ్చుకోకుండా విన్నారు. "మళ్లీ అచ్చేయించాలంటే ఖర్చు సార్, ప్రస్తుతానికి పెన్నుతో దిద్దిస్తాం" అన్నారు, అన్నట్టుగానే తరువాత వెళ్లినప్పుడు కొన్ని బల్లల మీద 62ను నీలిరంగు ఇంకుతో కొట్టేసి 7 అని రాసి ఉంది. నాలుగు మేజర్ల వాక్యం మాత్రం అలాగే ఉంది. దానికి కూడా కాస్త ఇంకు ఖర్చుపెట్టాలని మనవి.

ధర సంగతికి వస్తే, ఊళ్లో బండి మీద నన్నారి షర్బత్తు ఇందులో నాలుగో వంతు ధరకు దొరుకుతుంది, దాహం తీర్చడంలో అది దీనికి ఏ మాత్రం తీసిపోదు. అలిపిరి మెట్లు దిగి వచ్చి గొంతు ఎండినవారికి నేను దాన్నే సూచిస్తాను. 140 రూపాయలు పెట్టాల్సింది చల్లటి గదిలో కూర్చుని, తీపి తగ్గిన ఒక పెద్దవాళ్ల పానీయాన్ని నిదానంగా తాగాలనుకున్నప్పుడు. ఇప్పుడున్న తీరులో ఈ గ్లాసు ఆ కోరికను సగమే తీరుస్తుంది. అదే పట్టికలో ఉన్న బనానా స్ప్లిట్ ఇంతకన్నా శ్రద్ధగా చేస్తున్నారు. ఆ వంటకం 1904లో తమ దగ్గరే పుట్టిందని చెప్పుకునే ఊరు కూడా లాట్రోబే, ఈ సంగతి తెలిస్తే యజమాని మరో అట్ట వేయిస్తారేమో.

వెళ్లదలచినవారు ఇలా అడగండి: టీ మూడు వంతులు, నిమ్మరసం ఒక వంతు, చక్కెర సగం, ఐసు తక్కువ, పొరలుగా కాకుండా కలిపి. నలుగురు కలిసి వెళితే 450 రూపాయల జగ్గు తీసుకోవడం మేలు, అందులో టీని, నిమ్మరసాన్ని వేర్వేరుగా తెచ్చివ్వమంటే ఇస్తారు, ఎవరి కొలత వారే కలుపుకోవచ్చు. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు మధ్య టీ కాస్త తేటగా ఉంటోంది. రాత్రి ఏడు దాటితే ఉదయం కాచింది అయిపోయి, అప్పటికప్పుడు మరిగించిన వేడి టీనే ఐసు మీద పోస్తున్నారు, ఆ వేళకు చేరేవారు నిమ్మ సోడా చెప్పుకోవడమే నయం.